పన్ను మీద పన్నొస్తే...

"పన్ను మీద పన్నా? అదృష్టజాతకురాలు!" అంటారొకరు. "కడుపుతో ఉండగా గ్రహణం చూసుంటావు" అని తల్లిని దెప్పుతారింకొకరు. ఈ రెండు మాటలూ వినీ వినీ నాకు విసుగొచ్చింది.

పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32. ఈ లెక్కకు మించి ఒకటో రెండో రావడం వింతేమీ కాదు. ఎక్కువగా పైవరస ముందుపళ్ల మధ్య, చిన్న మేకులా మొలుస్తుంది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ వస్తుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు.

అసలు చిక్కు కనిపించని పన్నుతోనే. దవడలో దాక్కుని, రావలసిన దంతానికి దారి మూసేస్తుంది. ఏడెనిమిదేళ్ల వయసులో ముందుపన్ను ఒకటి వచ్చి, ఆరు నెలలైనా పక్కది రాకపోతే పళ్ల డాక్టరుకి చూపించి ఎక్స్‌రే తీయించాలి. తీసెయ్యాలో, ఉంచాలో ఆయనే చెబుతారు.

మరి మనం? మగపిల్లాడైతే "పళ్లదేముందిలే" అంటాం, నిజానికిది మగపిల్లల్లోనే ఎక్కువ. ఆడపిల్లయితే "పెళ్లినాటికి చూద్దాం" అంటాం. ఈలోగా ఆ పసిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చేసుకుంటుంది. నన్నడిగితే, వైద్యం చేయించాల్సింది పెళ్లిచూపుల కోసం కాదు, పిల్ల తిండి కోసం, మాట కోసం, దాని నవ్వు కోసం!