మఱపు వ్యాధియు, మన రెండు భాషలును

ముదిమిలో మఱపు సహజమని మనము తఱచుగా ననుకొందుము. కండ్లజోడు పెట్టినచోటు మఱచుట, ఎఱిగినవారి పేరు తటాలున స్ఫురింపకుండుట వ్యాధి కాదు. కాని నిత్యము పెట్టు తిరుగమోత యెట్లు పెట్టవలయునో తోచకుండుట, ముప్పదియేండ్లు నడచిన వీధిలో తన యిల్లు తాను పోల్చుకొనలేకుండుట, కన్నకూతురిని జూచి “నీవెవ్వరమ్మా” యని యడుగుట వేఱు విషయము. దీనిని చాదస్తమని నవ్వి ఊరకుండి, చికిత్సకు తగిన కాలమును పోగొట్టుకొను కుటుంబములు నేటికిని కలవు. కావున ఈ నెల మేము ఈ విషయమును సోదరీమణుల ముందుంచుచున్నాము.

ఇట్టి మఱపునకు కారణములు పెక్కు. వానిలో ప్రధానమైనది ఆల్జీమర్సు వ్యాధి. 1906లో ఆలోయిస్ ఆల్జీమర్ అను జర్మను వైద్యుడు, తాను పూర్వము పరీక్షించిన యొక స్త్రీ మరణింపగా, ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, నాడీకణముల నడుమ మచ్చలను, కణములలో చిక్కుపడిన పోగులను కనుగొనెను. ఆ మచ్చలు ఆమిలాయిడ్ అను మాంసకృత్తు పేరుకొనగా నేర్పడుననియు, ఆ పోగులు టౌ అను మఱియొక మాంసకృత్తుతో నైనవనియు తరువాతివారు తెలిసికొనిరి. మఱపు బయటపడుటకు పెక్కేండ్లు ముందే ఈ మార్పులు లోలోపల సాగుచుండును.

ఇది దూరదేశముల వ్యాధి యనుకొనరాదు. 2023లో ప్రచురితమైన యొక పరిశీలన ననుసరించి, మన దేశమున అరువదియేండ్లు నిండినవారిలో నూటికి 7.4గురు, అనగా సుమారు 88 లక్షలమంది, ఈ విధమగు మతిభ్రంశముతో బాధపడుచున్నారు. పురుషులలో నూటికి 5.8 కాగా, స్త్రీలలో 9. ఈ భారము స్త్రీలమీదనే యెక్కువగా పడుచున్నదని పాఠకురాండ్రు గమనింతురు గాక.

నారాయణగూడకు కొలది మైళ్ళ దూరమున, పంజాగుట్టలో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ కలదు. అచట డాక్టరు సువర్ణ అల్లాడి గారును, వారి సహచరులును, ఎడింబరో విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ బాక్ గారితో గూడి, ఈ వ్యాధులతో వచ్చిన 648 మంది చరిత్రలను పరిశీలించి, 2013లో తమ ఫలితములను ప్రకటించిరి. వీరిలో 391 మంది తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లము మొదలగువానిలో రెండుగాని అంతకంటె నెక్కువగాని మాటాడువారు. ఒకే భాష యెఱిగినవారికి సగటున 61.1 యేట వ్యాధి పొడసూపగా, రెండు భాషలవారికి 65.6 యేట పొడసూపెను. అనగా నాలుగున్నరయేండ్ల యాలస్యము! రెండింటికి మించి యెన్ని భాషలు వచ్చినను అదనపు మేలు కానరాలేదు.

ఇంతకుముందు కెనడాలోని టొరాంటోలో ఇట్టి పరిశోధనయే జరిగి, 2007లో ప్రకటితమయ్యెను. కాని అచట రెండు భాషలవారిలో పెక్కురు పరదేశములనుండి వచ్చి స్థిరపడినవారు. ఆ మేలు భాషవలన గలిగినదో, వలసవలన గలిగినదో యను సందేహముండెను. మన నగరమున రెండు భాషలాడువారు ఇచ్చటనే పుట్టి పెరిగినవారు. అంతేకాదు, అక్షరజ్ఞానము లేనివారిలోను ఈ యాలస్యము కానవచ్చెను. కావున ఇది చదువుయొక్క ఫలము మాత్రమే యనుటకు వీలులేదు. నారాయణగూడ, చిక్కడపల్లి బజారులలో తెలుగున బేరమాడి, మఱుక్షణమున ఉర్దూలో బదులు చెప్పు కూరలమ్మి నిత్యము తన మెదడునకు వ్యాయామ మిచ్చుచున్నదన్నమాట. ఒక భాష నాడునపుడు రెండవదానిని అణచి యుంచవలయును గదా! ఆ సాధనయే మెదడునకు బలమిచ్చునని శాస్త్రజ్ఞుల యూహ.

అయినను అతిశయోక్తి తగదు. ఇది వ్యాధిని ఆలస్యము చేయునేగాని నిర్మూలింపదు. ఇతర పరిశోధనలు కొన్ని దీనిని సమర్థింపలేదు. ముదిమిలో క్రొత్తభాష నేర్చిన ఇదే ఫలము కలుగునని ఈ పరిశోధన చెప్పలేదు. కాని ఒక్క విషయము మాత్రము మన తల్లులు యోచింపవలయును. బడిలో ఆంగ్లము వచ్చుటకై యింట తెలుగు మాన్పించుట నేడు పలుచోట్ల గలదు. రెండు భాషలు అనాయాసముగ లభించు పిల్లలకు ఒకటే మిగుల్చుట లాభమా? అవ్వ తెలుగున చెప్పు కథను వినిన మనుమడు ఆంగ్లమున వెనుకబడడు. తనతో మాటాడువారున్నందున అవ్వకును ఊరట.

ఏలయన ఒంటరితనమును ఈ వ్యాధికి దోహదము చేయునదే. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము అట్టి 14 కారణములను పేర్కొనెను. బాల్యమున చదువు లేకుండుట, వినికిడి తగ్గుట, రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట వానిలోనివి. వీనినన్నిటిని సరిదిద్దిన సుమారు నూటికి 45 వంతుల మతిభ్రంశమును నివారింపవచ్చును, లేదా వెనుకకు నెట్టవచ్చునని వారి మతము. 1928లో స్థాపితమై, నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి పేర నడచుచున్న బాలికల పాఠశాలవంటివి జ్ఞానమునకే గాక వార్ధక్యమునకును రక్షయని మేము తలంచుచున్నాము.

ఇక చికిత్స. డోనెపెజిల్ వంటి మందులు లక్షణములను కొంత తగ్గించునేగాని వ్యాధిని ఆపవు. 2023లో అమెరికాలో పూర్తి యనుమతి పొందిన లెకానెమాబ్ ఆమిలాయిడ్‌ను తొలగించి వ్యాధి వేగమును కొంత తగ్గించును. అదియు ప్రారంభదశలోనే. మెదడు వాచుట, రక్తము స్రవించుట దాని యపాయములు. అన్నిటికంటె ముందు వైద్యునిచే పరీక్ష చేయింపవలయును. థైరాయిడు లోపము, బి12 విటమిను కొఱత, మనోవ్యాకులత వలనను మఱపు కలుగును. అవి చికిత్సకు లొంగును!

రోగితో వాదింపవద్దు. అడిగినదే పదిమారులడిగినను మెల్లగ చెప్పుడు. సేవచేయు కోడలికో, కూతురికో దినమునకు కొంత విశ్రాంతి నిచ్చుట తక్కినవారి విధి. ఒక్కరి నెత్తిన మోపిన భారము ఇద్దరిని రోగులను జేయును.