పంతుళ్లను పాఠం చెప్పనివ్వండి

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో బడిపంతులు కనిపిస్తే అరుగుమీది వాళ్లు లేచి నమస్కరించిన రోజులున్నాయి. ఇప్పుడా పంతులు సుద్దముక్క కంటే ముందు ఫోను పట్టుకోవాల్సి వస్తోంది. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఫోనుకు ముఖం చూపించి వేసే హాజరు వచ్చింది. అంతకుముందే మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు యాప్‌లలో ఎక్కించే పని మీద పడింది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు అప్పగించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతూనే ఉంది. చదువు చెప్పాలని వచ్చినవారిని గుమాస్తాలను చేస్తే మనసు విరగదా? ప్రైవేటు బడుల సంగతి మరీ దయనీయం. కరోనా కాలంలో జీతాలు ఆగి ఎందరో కూలిపనులకు వెళ్లారు. డీఎస్సీ నియామకాలతో ప్రభుత్వ బడుల్లో ఖాళీలు నింపితే సరిపోదు. బోధనేతర పనులు వేరే సిబ్బందికి అప్పగించండి. ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలనెలా న్యాయమైన జీతం అందేలా చూడండి.