ఆ భోజనానికి అసలు ధర

టోక్యోలో పెద్ద రోడ్ల వెనక సందుల్లో షోకుదో అనే చిన్న భోజన హోటళ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. పొయ్యి దగ్గర భర్త, వడ్డన దగ్గర భార్య; ఇద్దరికీ డెబ్భై దాటి ఉండటం అరుదేమీ కాదు. వంటగదిని ఆనుకున్న పొడవాటి బల్ల ముందు ఎనిమిదో పదో కుర్చీలు. గోడ నిండా వంటకాల పేర్లు చేత్తో రాసి అంటించిన కాగితాలు, బయట గాజు బీరువాలో వెలిసిపోయిన నమూనా వంటకాలు. అన్నం, మిసో పులుసు, ఊరిన ముల్లంగి ముక్కలు, కాల్చిన చేపో వేయించిన పందిమాంసమో, అన్నీ కలిపి ఒక పళ్లెం. కార్డు తీసుకోరు, ముందుగా చెప్పినా కుర్చీ అట్టిపెట్టరు, వంటకంలో మార్పులు అడిగితే ఒప్పుకోరు. అన్నం అయిపోతే గుమ్మానికి వేలాడే నోరెన్ గుడ్డ తీసి లోపల పెట్టేస్తారు, ఇక కొట్టు మూసినట్టే. చూసొచ్చినవాళ్లు వీటి గురించి తరచూ రెండు మాటలే అంటారు: చాదస్తం, చౌక. మొదటి మాట అన్యాయం. రెండోది మెచ్చుకోలులా వినిపిస్తుంది గాని, ఆ హోటళ్లకు ఎక్కువ చేటు చేస్తున్నది అదే.

చాదస్తం అనిపించే ప్రతి నియమం వెనకా ఒక లెక్క ఉంది. ఎనిమిది కుర్చీల్లో రెండు, వస్తామని చెప్పి రానివాళ్ల కోసం ఖాళీగా ఉంటే ఆ పూట రాబడిలో పావు వంతు పోయినట్టే. కార్డు తీసుకుంటే అసలే సన్నని లాభంలోంచి కమిషన్ కట్టాలి. పొద్దున కొన్న సరుకు ఆ రోజే చెల్లిపోతే పారబోసేది ఉండదు. ఇక మార్పుల సంగతి మనవాళ్లకు బాగా తగులుతుంది. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషికసాయి ప్రాంతంలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లలో శాకాహారులకు షోకుదోలో మిసో పులుసు కూడా కుదరదు, ఎక్కువచోట్ల దాని చారు ఎండు బొనిటో చేపతోనే కాస్తారు కాబట్టి. పరాయివాళ్లంటే పట్టనితనమే ఇది అనేవాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ రోజుకొక్కసారి, అందరికీ ఒకే కుండలో కాచే చారు అది. రెండో కుండకు పొయ్యీ లేదు, చెయ్యీ లేదు. బయటి రుచుల మీద వాళ్లకు విముఖత ఉందనడానికీ లేదు. షోకుదోల్లో నిత్యం కనిపించే కర్రీ రైస్ బ్రిటిష్‌వాళ్ల ద్వారా జపాన్ చేరిన వంటకం. అది అసలు భారతీయ కూర కాదని, 1927లో షింజుకులోని నకమురాయా అనే కొట్టులో మన రుచిని పరిచయం చేసినవాడు అక్కడ తలదాచుకున్న విప్లవకారుడు రాస్ బిహారీ బోస్.

నిజంగా బరువైన ఆక్షేపణ వేరే ఉంది. చౌకగా, త్వరగా, శుభ్రంగా పెట్టే గొలుసు హోటళ్లు ఉండగా ఈ ముసలి దంపతుల చాకిరీని అందంగా వర్ణించడం దేనికి అని. 1899లో నిహోంబాషి చేపల బజారులో మొదలైన యోషినోయా అనే గొలుసు హోటల్ కూడా ఒకప్పుడు చిన్న కొట్టే. ఈ ఆక్షేపణలో సగం ఒప్పుకోక తప్పదు. ఆ తక్కువ ధర ఎలా నిలుస్తోందో చూడండి: కింద కొట్టు, పైన కాపురం, అద్దె లేదు, అప్పు ఎప్పుడో తీరింది, ఇద్దరి జీతం లెక్కలోనే లేదు. అదే కొట్టును అద్దెకు తీసుకుని మనిషిని పెట్టుకునే కుర్రాడికి ఆ ధర గిట్టదు. పిల్లలు వారసత్వం అందుకోకపోవడాన్ని భక్తి లోపంగా చెప్పడం తప్పు, ఆ లెక్క వాళ్లకూ తెలుసు.

ఖర్చులేమో ఆగడం లేదు. 1989లో 3 శాతంగా మొదలైన వినియోగ పన్ను 2019కి 10 శాతమైంది. 2024 జూలై 3న కొత్త నోట్లు వచ్చేసరికి, డబ్బు వేస్తే భోజనం టికెట్ ఇచ్చే యంత్రం పెట్టుకున్న చిన్న కొట్లకు దాన్ని మార్చే ఖర్చు పడింది. 2025లో బియ్యం ధర ఏడాది కిందటికి దాదాపు రెట్టింపైంది. అయినా రామెన్ వ్యాపారంలో ‘వెయ్యి యెన్ల గోడ’ అంటారే, గిన్నె వెయ్యి దాటితే గిరాకీ పోతుందన్న ఆ భయం చిన్న కొట్లన్నిటినీ పట్టి ఉంచింది.

ఆ భయం వదిలి ధర పెంచక తప్పదు. పెంచితే రోజూ అక్కడే తినే పింఛనుదారులకు కష్టం కాదా? కష్టమే. ఆ పేటవాళ్లకు పాత ధరే ఉంచి, మిగతావాళ్ల దగ్గర ఎక్కువ తీసుకున్నా తప్పు లేదని నా అభిప్రాయం. యెన్ బలహీనపడ్డ ఈ రోజుల్లో డాలర్లతో దిగే యాత్రికుడికి 700 యెన్ల పళ్లెం 1,000 అయితే తెలియను కూడా తెలియదు. నేర్చుకోవడానికి వచ్చే కొత్త వంటమనిషికి జీతం పుట్టాల్సింది ఆ 300లోంచే.