పందికొక్కు పేరు ఎంత దూరము వెళ్ళినదో!

ఈ నెల మనము తెలుసుకోబోయే ఇంగ్లీషు మాట "బాండికూట్". పిల్లల పుస్తకములో ఈ మాట కనబడితే ఇది ఏ దూరదేశపు మాటో అనుకుంటాము. గాని ఇది మన ఇంటి మాటే. గాదె క్రింద బొక్క చేసి ధాన్యము మోసుకుపోయే పందికొక్కే ఇంగ్లీషులో బాండికూట్ అయినది.

కొక్కు అనగా పెద్ద ఎలుక. బలిసిన ఒళ్ళు, బిరుసు వెంట్రుకలు, మీదికి వచ్చేటప్పుడు పందివలె గుర్రుమనే శబ్దము చూసి మన పెద్దలు దానికి పందికొక్కు అని పేరు పెట్టారు. ఆంగ్లేయ వర్తకులు 1611లో మచిలీపట్నములో కొట్లు పెట్టారు. తరువాత మద్రాసులో స్థిరపడ్డారు. ఆ తీరములో తెలుగువారి నోట విన్న మాట 18వ శతాబ్దము చివరికి వారి పుస్తకములలోకి ఎక్కినది. 1886లో యూల్, బర్నెల్ అనువారు ప్రచురించిన "హాబ్సన్-జాబ్సన్" నిఘంటువు ఇది తెలుగు మాటేనని చెప్పుచున్నది. శాస్త్రజ్ఞులు కూడా ఈ జంతువుకు "బాండికోటా" అనే పేరే ఉంచారు.

ఈ పేరు అక్కడితో ఆగలేదు. 1788లో ఆంగ్లేయులు ఆస్ట్రేలియాలో కాపురము పెట్టారు. అక్కడ పొడుగు మూతితో నేల తవ్వే ఒక చిన్న జంతువును చూసి, ఇండియాలో పుట్టిన ఈ పేరునే దానికి తగిలించారు. నిజమునకు అది ఎలుక జాతి కాదు. కంగారూవలె పిల్లలను సంచిలో పెంచుతుంది. తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా ఆ సంచి నోరు వెనుకకు తిరిగి ఉంటుంది. పురుగులు, దుంపలు దాని ఆహారము. అయినను పేరు అంటుకున్నది. పైగా, మొక్క కదలకుండా క్రింది బంగాళాదుంపలు తవ్వుకుపోయే దొంగతనమునకు కూడా ఆ దేశములో బాండికూట్ అనే మాటే వాడారు. పైరూపము చూసి పెట్టిన పేరు ఎంత గట్టిగా పట్టుకుంటుందో గమనించండి! మన ఊళ్ళలోను అంతే కదా. తాతకు పెట్టిన ఎగతాళి పేరు మనుమడి దాకా వస్తుంది.

అయితే ఈ పేరుకు ఒక మంచి మలుపు కూడా ఉన్నది. 2018లో కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే సంస్థకు చెందిన యువ ఇంజనీర్లు మురుగు మ్యాన్‌హోల్‌లోకి మనిషికి బదులు దిగి శుభ్రము చేసే యంత్రమును తెచ్చారు. దాని పేరు బాండికూట్! మనిషి పైన నిలబడి నడిపిస్తే, యంత్రము లోపలికి దిగి మురికి ఎత్తుతుంది. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపరాదని 2013లో చట్టము వచ్చినది. అయినను విషవాయువు పీల్చి చనిపోయేవారు ఉంటూనే ఉన్నారు. వారిలో ఎక్కువమంది అణగారిన కులముల పేదలే.

గాదెను దోచే జంతువు పేరు నేడు ప్రాణము కాపాడే యంత్రమునకు వచ్చినది. ఆ యంత్రము మన పల్లెకు రాకపోయినా, మనము చేయగల పని ఒకటున్నది. మీ ఇంట సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు, కూలి తక్కువని మనిషిని లోపలికి దింపకండి. పైపుతో లాగే ట్యాంకరు బండిని పిలిపించండి. దిగేవాడు కూడా ఒక ఇంటి బిడ్డే.

వచ్చే నెల మరొక మాటతో కలుసుకుందాము.