బంగారానికి పట్టని తుప్పు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల సంగతి తెలియని ఆడవాళ్లు మన సీమలో ఉండరు. అవ్వ కాలం నాటి నగైనా తుప్పు పట్టదు. ఆ నగ కొనడానికి మనం వెళ్లే కారు అడుగున ఉండే పొగగొట్టానికి మాత్రం ఆ అదృష్టం లేదు. "కారు సంగతి మగవాళ్లు చూసుకుంటారులే" అని పేజీ తిప్పేయకండి. అందులో కూర్చునేది మనమూ, మన పిల్లలూ కూడా!

"మాది ఎండలు మండే ఊరు, విశాఖలాగా ఉప్పుగాలి లేదు. తుప్పెక్కడిది?" అంటారేమో. నిజమే, బయటి తుప్పు మనకు తక్కువే. గొట్టాన్ని తినేసేది లోపలి తుప్పు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఉడుకుతున్న అన్నం మూతకు చెమ్మ పట్టినట్టు, ఆ ఆవిరి చల్లటి సైలెన్సర్‌లో నీళ్లవుతుంది. పొగలోని ఆమ్లాలు దాంట్లో కలుస్తాయి. కడిగిన ఇనుప పెనాన్ని పొయ్యి మీద పెట్టి ఆరబెడతాం కదా! సైలెన్సరూ అంతే, బాగా వేడెక్కితేనే లోపలి తడి ఆరుతుంది.

అందుకే రోజూ పులివెందుల దాకా పోయి వచ్చే కారు కంటే, బడికీ మార్కెట్టుకీ అంటూ ఊళ్లోనే తిరిగే కారు సైలెన్సర్‌కే ముందు చిల్లులు పడే ప్రమాదం ఎక్కువ.

మరేం చేయాలి? వారానికోసారి జమ్మలమడుగు దాకా వెళ్లి రండి. గండికోట చూసినట్టూ ఉంటుంది, సైలెన్సర్ ఆరినట్టూ ఉంటుంది. వానల్లో నల్లరేగడి బురద అంటుకుంటే, ఆరి గట్టిపడకముందే అడుగు భాగం కడిగించండి. పొద్దున్నే గొట్టంలోంచి నాలుగు నీటి చుక్కలు కారితే కంగారు పడకండి, అది మామూలే. శబ్దం పెరిగినా, అడుగున గలగలమన్నా, అతుకుల దగ్గర నల్లటి మసి కనిపించినా వెంటనే మెకానిక్‌కు చూపించండి. పొగలోని విషాన్ని తగ్గించే కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి విలువైన లోహాలుంటాయి. దాన్ని తీసేసి ఉత్త గొట్టం వేస్తామంటే ఒప్పుకోకండి.

ఇదంతా డబ్బు సంగతి. అసలు భయం వేరే ఉంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. చిల్లులోంచి అది కారులోకి చేరితే తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, ప్రాణమే పోవచ్చు. ఎండగా ఉందని ఏసీ వేసి, ఆగిన కారులో పిల్లల్ని నిద్రపుచ్చకండి. మూసిన షెడ్డులో ఇంజన్ అసలే నడపకండి. ఎవరికైనా తల తిరిగితే ముందు బయటి గాలిలోకి తీసుకురండి, ఆ వెంటనే ఆసుపత్రికి.

నగ తరుగు దగ్గర గీచి గీచి బేరమాడే మనం, కారు సర్వీసుకిచ్చేటప్పుడు "సైలెన్సర్ కూడా చూడు నాయనా" అని ఒక్క మాట అనలేమా?