విమానాశ్రయ లౌంజ్ విందు: తినేది ఎవరు, ఖర్చు భరించేది ఎవరు?

2025 సెప్టెంబరు నెలలో దేశంలోని విమాన ప్రయాణికులలో ఒక వర్గానికి ఊహించని ఇబ్బంది ఎదురైంది. బ్యాంకు కార్డు చూపి విమానాశ్రయ లౌంజ్‌లోకి వెళ్లే ఏర్పాటును మన దేశంలో చాలాకాలం దాదాపు ఒంటిచేత్తో నడిపిన డ్రీమ్‌ఫోక్స్ అనే సంస్థ, ఆ నెల 16వ తేదీ నుంచి దేశీయ లౌంజ్ సేవలను నిలిపివేసింది. విమానాశ్రయాల యాజమాన్యాలు, లౌంజ్ నిర్వాహకులు బ్యాంకులతో నేరుగా ఒప్పందాలు చేసుకోవడం మొదలుపెట్టడంతో మధ్యవర్తికి చోటు లేకుండా పోయింది. వ్యాపార సంస్థల మధ్య జరిగిన ఈ పోరు మనకెందుకు అని పాఠకులు అనుకోవచ్చును. కానీ దేవనహళ్లి విమానాశ్రయం 2008 మే నెలలో ప్రారంభమైన తరువాత చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు విమానం దూరపు వస్తువుగా మిగలలేదు. పిల్లలు అమెరికాలోనో, సింగపూరులోనో, గల్ఫ్ దేశాలలోనో ఉద్యోగాలు చేస్తున్న ఇళ్లు ప్రతి గ్రామంలోనూ కొన్ని కనిపిస్తున్నాయి. తల్లిదండ్రులు ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి విమానమెక్కుతున్నారు. లౌంజ్‌లో భోజనం ఉచితమన్న మాట మీద క్రెడిట్ కార్డులు తీసుకుంటున్న యువకులూ పెరుగుతున్నారు. కనుక ఈ ఉచితం వెనుక ఉన్న లెక్కను పరిశీలించవలసిన అవసరం ఉన్నది.

లౌంజ్ అంటే ఏమిటి?

భద్రతా తనిఖీ ముగిసిన తరువాత విమానం బయలుదేరే వరకు కూర్చొనడానికి కొందరికే ప్రత్యేకించిన విశ్రాంతి మందిరమే లౌంజ్. మెత్తని కుర్చీలు, వేడి ఆహారం, టీ, కాఫీ, పత్రికలు, ఫోను ఛార్జింగ్ వసతి, కొన్నిచోట్ల స్నానపు గదులు ఉంటాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1939లో న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయంలో ప్రారంభించిన అడ్మిరల్స్ క్లబ్ ఈ పద్ధతికి ఆద్యంగా చెప్పబడుతున్నది. మొదట అది సంస్థ గౌరవించదలచిన ప్రముఖులకే పరిమితం. 1981లో అదే సంస్థ తరచుగా ప్రయాణించే వారికి మైళ్ల లెక్కన ప్రోత్సాహకాలిచ్చే పథకాన్ని ఆరంభించడంతో, పదవి లేకున్నా ప్రయాణాల సంఖ్యను బట్టి గౌరవం పొందే మార్గం ఏర్పడింది. అనంతరం బ్యాంకు కార్డులు వచ్చి చేరాయి. నేడు లౌంజ్‌లోకి పోవడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి: ఖరీదైన టికెట్టు, విమాన సంస్థ ఇచ్చే హోదా, బ్యాంకు కార్డు.

టికెట్టు, హోదా: సంస్థకొక తీరు

మొదటి మార్గం సులభంగా బోధపడేది. బిజినెస్ తరగతి టికెట్టు కొన్నవారికి సాధారణంగా లౌంజ్ ప్రవేశం లభిస్తుంది. అయితే ఇందులోనూ మెలికలున్నాయి. ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్ సంస్థలు బిజినెస్ తరగతిలోనే తక్కువ ధరకు అమ్మే కొన్ని రకాల టికెట్లకు లౌంజ్ వసతిని తొలగించాయి. అమెరికాలో దేశంలోపలి ప్రయాణాలకు ముందువరుస టికెట్టు కొన్నప్పటికీ చాలా సందర్భాలలో లౌంజ్ లభించదు. తల్లిదండ్రులకు ఖరీదైన టికెట్టు కొనే పిల్లలు ఈ షరతులను ముందుగానే చదువుకోవడం మంచిది.

రెండవది హోదా మార్గం. ఎయిర్ ఇండియా 2014 జూలై నుంచి స్టార్ అలయన్స్ కూటమిలో సభ్యురాలు. ఆ సంస్థ పథకంలో గోల్డ్, ప్లాటినం స్థాయిలకు చేరినవారు సాధారణ తరగతిలో ప్రయాణించినా, కూటమికి చెందిన ఇతర దేశాల సంస్థల లౌంజ్‌లలోకీ పోగలరు. వెంట ఒక అతిథిని తీసుకుపోవచ్చును. ఎమిరేట్స్‌లో సిల్వర్ స్థాయివారికి దుబాయిలో మాత్రమే లౌంజ్ లభిస్తుంది, గోల్డ్ స్థాయి నుంచి ఇతర నగరాలలోనూ లభిస్తుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఛాంగీ విమానాశ్రయంలో బిజినెస్ టికెట్టు కొన్నవారికి ఒక మందిరం, సాధారణ తరగతిలో ప్రయాణించే గోల్డ్ సభ్యులకు మరొకటి ఏర్పాటు చేసింది. అంటే హోదాలోనూ అంతరాలున్నాయి.

మన దేశంలో అత్యధికులను చేరవేసే ఇండిగో మాత్రం చాలాకాలం ఈ పోటీకి దూరంగా ఉండి, తక్కువ ధర, సమయపాలన అన్న సూత్రంపై నడిచింది. 2024లోనే బ్లూచిప్ అనే ప్రోత్సాహక పథకాన్నీ, కొన్ని మార్గాలలో బిజినెస్ సీట్లనూ ప్రవేశపెట్టింది. ఈ తేడాను గుర్తించకుండా హోదా కోసమే ఒక సంస్థ టికెట్టుకు ఎక్కువ ధర చెల్లించడం ఏడాదికి ఒకటి రెండుసార్లు ప్రయాణించే కుటుంబానికి ప్రయోజనకరం కాదు. నెలకు నాలుగైదు ప్రయాణాలు చేసే ఉద్యోగికి, అందునా కంపెనీ టికెట్టు కొనిచ్చేవారికి అది సహజంగానే సమకూరుతుంది.

తిండి, పానీయాల సంగతి

దేశీయ లౌంజ్‌లలో ఆహారం చాలావరకు ఒకే ధోరణిలో ఉంటుంది. ఉదయం ఇడ్లీ, వడ, ఉప్మా, పూరీ వంటివి. మధ్యాహ్నం అన్నం, పప్పు, రెండు కూరలు, ఒక మాంసాహారం, తీపి పదార్థం. దేవనహళ్లిలో బెంగళూరు టెలిఫోను కోడ్ పేరుతోనే ‘080’ లౌంజ్ నడుస్తున్నది. దుబాయి, దోహా, సింగపూరు వంటి కూడలి విమానాశ్రయాలలో ఆయా విమాన సంస్థల సొంత లౌంజ్‌లు వైవిధ్యంలోనూ, విశాలతలోనూ మన కార్డు లౌంజ్‌ల కంటే ఒక మెట్టు పైనే ఉంటాయి. దానికి కారణం స్పష్టం. సొంత లౌంజ్ నడిపే సంస్థ ఖరీదైన టికెట్టు కొన్న ప్రయాణికుణ్ణి నిలుపుకోవాలని చూస్తుంది. కార్డు లౌంజ్ నిర్వాహకునికి మనిషికి ఇంతని సొమ్ము ముడుతుంది గనుక, వచ్చినవారు తక్కువ తిని త్వరగా వెళ్లిపోతేనే అతనికి మిగులు. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు వంటకాల సంఖ్య, నాణ్యత ఆ సొమ్మును బట్టి ఉంటాయి.

మద్యం విషయంలోనూ అపోహలున్నాయి. మన దేశీయ విమానాలలో మద్యం వడ్డించరు. దేశీయ లౌంజ్‌లలో దొరికినా చాలాచోట్ల విడిగా సొమ్ము చెల్లించవలసిందే. కువైట్ ఎయిర్‌వేస్, సౌదియా విమానాలలో మద్యం పూర్తిగా నిషిద్ధం. ఇక విమానంలోని భోజనం సంగతి చూస్తే, ఎయిర్ ఇండియా దేశీయ మార్గాలలో టికెట్టు ధరలోనే ఆహారం అందిస్తున్నది. ఇండిగో, ఆకాశ, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వంటివి సాధారణ తరగతిలో ఆహారాన్ని అమ్ముతాయి. టికెట్ల ధరలు పోల్చేటప్పుడు ఈ తేడాను కూడా కలుపుకొని చూడవలెను.

రెండు రూపాయల భోజనం అసలు ధర

మూడవది కార్డు మార్గం. మన దేశంలో లౌంజ్‌ల ముందు వరుసలు కట్టించినది ఇదే. రూపే, వీసా కార్డులలో కొన్ని రకాలను ద్వారం వద్ద గీకితే రెండు రూపాయలు మాత్రమే తగ్గుతాయి. రెండు రూపాయలకే భోజనం అన్న ప్రచారం అలా పుట్టింది. నిజానికి ఆ రెండు రూపాయలు కార్డు చెల్లుతుందో లేదో చూడడానికి తీసుకునేవి. భోజనం ఖర్చును బ్యాంకు గానీ, కార్డు సంస్థ గానీ నిర్వాహకునికి చెల్లిస్తుంది. ఆ సొమ్ము బ్యాంకుకు వచ్చే దారులు వార్షిక రుసుము, బాకీపై వడ్డీ, దుకాణదారు నుంచి వసూలు చేసే రుసుము. క్రెడిట్ కార్డుతో సరకు కొన్నప్పుడు దుకాణదారు సుమారు రెండు శాతం వరకు వదులుకుంటాడు. చింతామణి బట్టల దుకాణంలోనో, హోసూరు ఫర్నిచర్ దుకాణంలోనో వదులుకున్న ఆ సొమ్ము ఏదో ఒక రూపంలో సరకు ధరలో చేరుతుంది. అంటే కార్డే లేని కొనుగోలుదారు కూడా, విమానం ఎక్కకుండానే, లౌంజ్ విందుకు తన వంతు చెల్లిస్తున్నాడన్నమాట.

వరుసలు పెరిగేసరికి బ్యాంకులు షరతులు బిగించాయి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2023 డిసెంబరు నుంచి రెగాలియా కార్డుపై మూడు నెలలలో లక్ష రూపాయలు ఖర్చు చేసినవారికే లౌంజ్ అన్నది. ఐసీఐసీఐ బ్యాంకు 2024 ఏప్రిల్ నుంచి అనేక కార్డులకు 35,000 రూపాయల పరిమితి పెట్టి, అదే ఏడాది నవంబరులో దానిని 75,000కు పెంచింది. యాక్సిస్ బ్యాంకు 2024 మే నుంచి కొన్ని కార్డులకు 50,000 అన్నది. ఇది మన దేశానికే పరిమితమైన పరిణామం కాదు. అమెరికాలో డెల్టా సంస్థ కూడా 2025 ఫిబ్రవరి నుంచి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాటినం కార్డు ఉన్నవారికి ఏడాదికి పది రోజుల పరిమితి విధించింది.

ఈ అంకెలను మన ఇంటి లెక్కలోకి మార్చి చూడవలెను. మూడు నెలలకు 75,000 అంటే నెలకు 25,000 రూపాయలు. చిన్న జీతగాని ఇంటి ఖర్చంతా కార్డు మీదుగా పోతే తప్ప ఆ మొత్తం రాదు. దానిని చేరుకోవడానికి అవసరం లేని వస్తువులు కొని, గడువులోగా బాకీ తీర్చలేకపోతే, నెలకు మూడున్నర శాతం చొప్పున, అంటే ఏడాదికి నలభై శాతం పైగా వడ్డీ పడుతుంది. మన గ్రామాలలో వడ్డీ వ్యాపారి నూటికి నెలకు మూడు రూపాయలంటే నిలదీస్తాము. అంతకు మించిన వడ్డీని అందమైన కార్డుపై మాత్రం మౌనంగా అంగీకరిస్తున్నాము. పైగా కార్డు సాధారణంగా ఒక్కరినే లోనికి పంపుతుంది. కొడుకు కార్డుపై తల్లిదండ్రులు పోలేరు. నలుగురు కుటుంబసభ్యులు కలిసి బయలుదేరితే ఒక్కరు లోపల తిని ముగ్గురు బయట కూర్చోవాలి, లేదా మిగిలినవారికి విడిగా చెల్లించాలి.

లౌంజ్ లేనివారి మాటేమిటి?

విమానాశ్రయంలో అత్యధికులు లౌంజ్ బయటే ఉంటారు. అక్కడ ఒక కప్పు టీ, ఒక సమోసా ధర ఊరి హోటలులో ఇద్దరి భోజనపు ఖర్చుకు సమానమైన సందర్భాలు అనేకం. ఈ విషయం పార్లమెంటులో చర్చకు వచ్చిన మీదట 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో ‘ఉడాన్ యాత్రీ కేఫ్’ ప్రారంభమైంది. పౌర విమానయాన శాఖ మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు దానిని ఆరంభించారు. టీ పది, మంచినీళ్ల సీసా పది, కాఫీ ఇరవై, సమోసా ఇరవై రూపాయలుగా ధరలు నిర్ణయించారు. 2025 ఫిబ్రవరిలో చెన్నైలోనూ ఇది మొదలైంది. సామాన్య ప్రయాణికునికి వందల కార్డుల కంటే ఇటువంటి ఒక్క దుకాణం ఎక్కువ మేలు చేస్తుంది. ప్రైవేటు యాజమాన్యాల చేతిలో ఉన్న విమానాశ్రయాలతో సహా అన్నిటిలోనూ, భద్రతా తనిఖీ దాటిన తరువాత కూడా, ఇటువంటి దుకాణాన్ని తప్పనిసరి చేయవలసిన బాధ్యత కేంద్రానిది.

విమానం ఆలస్యమైనప్పుడు ప్రయాణికునికి చట్టబద్ధంగా ఉన్న హక్కు చాలామందికి తెలియదు. పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల ప్రకారం, సమయానికి చెక్-ఇన్ చేసిన ప్రయాణికునికి ఆలస్యంలో విమాన సంస్థ భోజనం, ఫలహారం ఉచితంగా ఇవ్వాలి. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే రెండు గంటల ఆలస్యానికే ఇది వర్తిస్తుంది. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణానికి మూడు గంటలు, అంతకు మించిన వాటికి నాలుగు గంటలు పరిమితి. దీనికి ఏ కార్డూ, ఏ హోదా అవసరం లేదు. అడిగినవారికి అందుతుంది, అడగనివారు ఆకలితో కూర్చుంటున్నారు.

నిబంధనలు ఎంత అవసరమో రెండు ఘటనలు తెలియజేస్తున్నాయి. 2024 జనవరిలో పొగమంచు వలన గోవా నుంచి ఢిల్లీకి పోవలసిన ఇండిగో విమానాన్ని ముంబయికి మళ్లించినప్పుడు, ప్రయాణికులు విమానం పక్కనే నేలపై కూర్చొని భోజనం చేసిన దృశ్యాలు దేశమంతా చూసింది. భద్రతా బ్యూరో ఇండిగోకు 1.20 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి నిబంధనలకు సిద్ధం కాని కారణంగా అదే సంస్థ వేలాది సర్వీసులు రద్దు చేసినప్పుడు, విమానాశ్రయాలు రైల్వే ప్లాట్‌ఫారాలను తలపించాయి. అటువంటి రోజున లౌంజ్ కార్డు ఉన్నా ద్వారం దాటే వీలుండదు. అందరికీ వర్తించే నిబంధన ఒక్కటే అక్కరకు వస్తుంది.

ఏం చేయాలి?

మన కుటుంబాలు పాటించదగిన విషయాలు నాలుగు. మొదటిది, ఇప్పటికే ఉన్న రూపే లేదా ఇతర డెబిట్ కార్డుకు లౌంజ్ వసతి ఉన్నదో లేదో ప్రయాణానికి వారం ముందు బ్యాంకులో కనుక్కోవాలి. షరతులు తరచుగా మారుతున్నాయి కనుక నిరుటి సమాచారాన్ని నమ్మరాదు. రెండవది, లౌంజ్ కోసమే కొత్త క్రెడిట్ కార్డు తీసుకోరాదు. మూడవది, చపాతీ, పులిహోర వంటి ఘనాహారాన్ని ఇంటి నుంచి తీసుకుపోవచ్చును; ఖాళీ నీళ్ల సీసా వెంట ఉంచుకొని తనిఖీ తరువాత నింపుకోవచ్చును. అంతర్జాతీయ ప్రయాణంలో చేతి సంచిలోని ద్రవాలకు ఒక్కొక్క సీసా 100 మిల్లీలీటర్లు దాటరాదన్న నియమం పెరుగుకు, పచ్చడికి కూడా ఇబ్బంది తెస్తుందని గుర్తుంచుకోవాలి. నాలుగవది, ఆలస్యమైనప్పుడు భోజనం అడగడానికి సంకోచించరాదు.

బ్యాంకుల వైపు నుంచి జరగవలసినది కూడా ఉన్నది. కార్డు అమ్మే యువకుడు తెలుగులోనో, కన్నడంలోనో తియ్యగా మాట్లాడతాడు. సంతకం పెట్టవలసిన షరతులు మాత్రం చిన్న అక్షరాల ఆంగ్లంలో ఉంటాయి. ఏ భాషలో అమ్ముతున్నారో ఆ భాషలోనే ఖర్చు పరిమితిని, వడ్డీని, ప్రవేశాల సంఖ్యను ఒక పేజీలో ముద్రించి ఇవ్వాలి. రెండు భాషల నడుమ జీవించే సరిహద్దు గ్రామాల ప్రజలకు ఇది అత్యవసరం. ప్రజా ప్రతినిధులు ఈ రెండు కోరికలను, అంటే ప్రతి విమానాశ్రయంలో చవక ఫలహారశాలను, ప్రజల భాషలో కార్డు షరతులను, పార్లమెంటు దృష్టికి తీసుకుపోవలసి ఉన్నది.