గెలుపు లేని ఖేల్

"గెలవలేని ఆటని ఎవరు ఆడతారు?"

ఓ ఇంజినీరింగ్ కాలేజీ హ్యాకథాన్‌లో మా భాంజా టీమ్‌కి ఎదురైన సవాల్ ఇది. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న, తెలుగులో సవాల్ అంటే పందెం. జడ్జీలు అడిగిన దాంట్లో రెండూ ఉన్నాయి. పిల్లలకి జవాబ్ చెప్పే టైం దొరకలేదు, ప్రైజూ దొరకలేదు. ప్రైజ్ గురించి నాకు గిలా లేదు. జవాబ్ మాత్రం బాకీ ఉండకూడదు.

ఆ ఆట బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. పాతకాలం వీడియో గేమ్‌లలోలాగా గళ్లు గళ్ల బొమ్మలు, టుయ్ టుయ్ మనే సంగీతం. ఒక రైతు, మా నల్లమాడ వైపు ఎర్రనేల, కొంచెం అప్పు. స్పేస్ బార్ నొక్కిన కొద్దీ బోరు దిగుతుంది, అడుగు అడుగుకీ డబ్బు తరుగుతుంది. రెండొందలు, మూడొందలు, ఐదొందల అడుగులు. తెల్లటి రాతిదుమ్ము. మధ్యలో ఒకసారి చెమ్మ కనిపిస్తుంది, ఉమ్మీద్ పుడుతుంది, మళ్లీ దుమ్మే. మబ్బు కూడా వస్తుంది. పక్క స్క్రీన్‌లోకి వెళ్లి కురుస్తుంది.

చిరాకు పుట్టించాలనే ఇలా చేశారు. ఈ రకం ఆటలకి పెద్ద ఖాందానే ఉంది. 1995 నాటి 'డెజర్ట్ బస్'లో టూసాన్ నుంచి లాస్ వేగాస్‌కి ఎనిమిది గంటలు ఖాళీ రోడ్డు మీద బస్సు తోలాలి. స్టీరింగ్ వదిలితే బస్సు ఒక పక్కకి లాగేస్తుంది. చేరితే వచ్చేది ఒక్క పాయింట్. అప్పట్లో అది బజారుకి రానేలేదు. కానీ 2007 నుంచి కొందరు దోస్తులు ఏటా దాన్నే గంటల తరబడి ఆడి, ఆసుపత్రుల్లోని పిల్లల కోసం చందాలు పోగుచేస్తున్నారు. 2008లో వచ్చిన 'క్యూడబ్ల్యూఓపీ'లో నాలుగు మీటలతో ఒక మనిషిని పరిగెత్తించాలి. చాలామంది నాలుగు అడుగులు వేయించేలోపే వాణ్ణి బోర్లా పడేస్తారు. అంత దూరం ఎందుకు, మన వైకుంఠపాళీ ఏం తక్కువ జుల్మ్ చేసిందా? పైదాకా ఎక్కాక పెద్ద పాము మింగితే మళ్లీ అడుక్కే. అయినా తరాలు ఆడాయి.

కాబట్టి గెలవలేని ఆటని ఎవరు ఆడతారన్నది అసలు ప్రశ్న కాదు. ఆ ఆట ఎవరి ఫాయిదా కోసం ఏడిపిస్తోందన్నదే అసలు ప్రశ్న.

ఆన్‌లైన్ రమ్మీ కూడా ఓడిస్తుంది. అయితే ముందు కొంచెం గెలిపించి, తర్వాత జేబు ఖాళీ చేస్తుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించింది ఆ మోసాన్నే. దీనికి ఎదురుగా వియత్నాం కుర్రాడు డాంగ్ న్యూయెన్‌ని పెట్టండి. అతని 'ఫ్లాపీ బర్డ్' కూడా గొట్టాలకి గుద్దుకుని చచ్చే చిరాకు ఆటే. రోజుకి 50 వేల డాలర్లు వస్తున్నాయని వార్తలొస్తుండగా, 2014 ఫిబ్రవరిలో దాన్ని తానే తీసేశాడు. జనం దానికి బానిసలవుతున్నారని అతనికి తోచింది. జమీర్ అంటే అదీ.

మా పిల్లల ఆట ఎవరి జేబూ కొట్టదు. అందులో చిరాకు కోడ్ రాసినవాడి షరారత్ కాదు, మా భూమి లోపలి హకీకత్. కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు చెరువులాగా పరుచుకుని ఉండవు, పగుళ్లలో దాక్కుంటాయి. ఒక చోట పడిన నీళ్లు పది గజాల అవతల పడకపోవచ్చు. ఈ సంగతి నివేదిక చదివితే తెలుస్తుంది. ఆట ఆడితే వేలికి తెలుస్తుంది. ఇంకో పది అడుగులు, ఇంకో పది అడుగులు అని స్పేస్ బార్ నొక్కుతున్న పట్నం కుర్రాడికి, రైతు ఎందుకు ఆపలేకపోయాడో అర్థమవుతుంది. "అప్పు చేసి ఎందుకు వేశాడండీ బోరు?" అని మళ్లీ అడగడు.

ఒక్క ఏతరాజ్ మాత్రం ఉంది, భాంజాతోనూ అన్నాను. ఆ ఆటలో రైతు ఒంటరివాడు. ఓడితే తక్దీర్ అనిపిస్తుంది. తక్దీర్ అనేస్తే సర్కారుకి హాయి, మనకీ హాయి. నిజానికి నా బోరు లోతుకి పోతే పక్కవాడి బోరు ఎండుతుంది. 2002 నాటి వాల్టా చట్టం కొత్త బోరుకి అనుమతి ఉండాలంది, తాగునీటి బోర్ల దగ్గర వేయొద్దంది. ఊళ్లలో దాన్ని ఎంతమంది ఖాతరు చేస్తున్నారో మనకి తెలుసు. ఇదంతా ఆటలోకి రావాలి. ఇద్దరు ఆడాలి, నీళ్లు మాత్రం ఒక్కటే ఉండాలి.

"అప్పుడు ఇద్దరూ ఓడతారు మామూ," అన్నాడు.

"పంచుకుంటే?"

ఆలోచించి, "కోడ్ మార్చాల్సి వస్తది," అన్నాడు.

మార్చాలి బేటా. సబ్ర్ అనే అరబీ మాటకి మూలంలో ఉన్న అర్థం పట్టి నిలపడం. చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. కరువు ఏళ్లలో మనం ఇస్తిస్ఖా నమాజుకి ఊరి బయట మైదానంలో జమ అవుతాం. ఆ దువాలో ఎవరూ ఒక్క తన చేనుకే వాన అడగరు. బోరు వేసేటప్పుడు కూడా అదే దువా గుర్తుండాలి.